సంసారం స్పెషల్, వయా 48 రాష్ట్రాలు

అమెరికా పన్నుల శాఖ లెక్కలో ఇల్లంటే మూడే మూడు: పడుకునే చోటు, వండుకునే చోటు, దొడ్డికెళ్ళే చోటు. ఈ మూడూ ఉంటే అది నేలమీద నిలబడ్డా, నీళ్ళమీద తేలినా, చక్రాలమీద పరిగెత్తినా ఇల్లే. అప్పుచేసి కొంటే కట్టే వడ్డీని రెండో ఇంటి వడ్డీ కింద పన్నులో చూపించుకునే వీలు కూడా ఉంది. వాకిలి ఏ దిక్కున ఉండాలో, దేవుడి పటాలు ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం ఆ శాఖ ఎక్కడా రాయలేదు. రాయకపోవడం వల్ల డాలస్ పక్కన ఫ్రిస్కోలో కాపురముంటున్న ఒక తెనాలి కుటుంబానికి ఈ వేసవి అంతా నిద్ర లేదు.

ఆ ఇంటి కొడుక్కి ఏడాదిపాటు ఆర్వీలో దేశమంతా తిరిగి రావాలని కోరిక. ఆర్వీ అంటే రిక్రియేషనల్ వెహికల్. ముందునుంచి చూస్తే వ్యాను, లోపలికెళ్తే పోర్షను. 1910లో పియర్స్-యారో కంపెనీ న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఒక కారు ప్రదర్శించింది. దాని వెనక సీటు పరిస్తే మంచం, డ్రైవరు సీటు వీపున మడిచే సింకు, అవసరానికి ఒక కుండ. అప్పట్నించీ అమెరికా వాళ్ళకి ఈ పిచ్చి వదల్లేదు. ఇప్పుడు ఆ దేశపు ఆర్వీల్లో చాలా భాగం ఇండియానా రాష్ట్రంలో ఎల్క్‌హార్ట్ అనే ఊరి చుట్టుపక్కలే తయారవుతాయి. రిటైరైన దంపతులు ఇల్లమ్మేసి అందులోనే కాలక్షేపం చేస్తారు. కొందరు పిల్లల్ని బడి మాన్పించి మరీ బయల్దేరతారు.

లక్షలమంది తెలుగువాళ్ళున్న దేశంలో ఈ సరదా మనవాళ్ళకి పెద్దగా అంటకపోవడానికి కారణం భయం కాదు, వీసా. హెచ్1బీ ఉద్యోగం మనిషికొక్కడికే ఇవ్వరు, మనిషినీ ఊరినీ కలిపి రాస్తారు. పనిచేసే చోటు ఆ మెట్రో పరిధి దాటితే కంపెనీ మళ్ళీ సవరణ పిటిషను వేయాలని 2015లో ఇమిగ్రేషన్ అప్పీళ్ళ కార్యాలయం తేల్చేసింది. పౌరసత్వం లేనివాళ్ళు ఇల్లు మారితే 10 రోజుల్లో ఏఆర్-11 ఫారం నింపి కొత్త చిరునామా చెప్పుకోవాలి. ఇల్లే పొద్దున ఒక రాష్ట్రంలో, రాత్రి ఇంకో రాష్ట్రంలో ఉంటే ఆ గడిలో ఏం రాస్తారు? ఇక ఉద్యోగం ఊడితే 60 రోజుల గడువు. అందుకే కొడుకు ఇన్నేళ్ళూ కోరికని బుకింగ్ కూడా చేయకుండా కడుపులోనే పెట్టుకున్నాడు. పౌరసత్వ ప్రమాణం చేసి వచ్చిన సాయంత్రం భార్య పాయసం వండుతుంటే ఆయన ల్యాప్‌టాప్ తెరిచి పాత ఆర్వీల ధరలు చూస్తూ కూర్చున్నాడు.

ఆవిడ గరిటె చేత్తో పట్టుకునే వచ్చి చూసింది. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఎప్పుడండీ వెళ్ళేది?" అంది.

"పాప నాలుగో క్లాసులో ఉన్నప్పుడు వెళ్ళాలి. ఆ ఏడాది దాటితే డబ్బు కట్టాలి."

ఇది నిజమే. అమెరికాలో నాలుగో తరగతి పిల్లలకి 'ఎవ్రీ కిడ్ అవుట్‌డోర్స్' అని ఒక పాసు ఇస్తారు. సెప్టెంబరు 1 నుంచి మరుసటి ఆగస్టు 31 దాకా చెల్లుతుంది. నేషనల్ పార్కు గేటు దగ్గర ఆ పాసు చూపిస్తే పిల్లతోపాటు బండిలో ఉన్నవాళ్ళందరికీ ప్రవేశం ఉచితం. బడికెళ్ళకుండా ఇంట్లో చదువుకునే అదే ఈడు పిల్లలకీ వర్తిస్తుంది. అక్కడ నేషనల్ పార్కులు 63 ఉన్నాయి. ఆ దేశంలో నివసించేవాళ్ళు మామూలుగా ఏడాది పాసు కొనుక్కున్నా 80 డాలర్లే. ఆర్వీ కొనడానికి లక్ష డాలర్ల అప్పు చేస్తూ, 80 డాలర్లు మిగల్చడానికి కూతురి తరగతిని బట్టి ముహూర్తం పెట్టడాన్ని లోభం అనడానికి లేదు. ముహూర్తమనేది దేనికో ఒకదానికి ముడిపడి ఉండాలి, అంతే. ఎనిమిదో తరగతి చదివే పాప అన్నకి మాత్రం చెల్లెలి పాసు మీద ప్రయాణించడం నామోషీగా ఉంది.

ఇంతవరకూ వ్యవహారం భార్యాభర్తల మధ్యే నడిచింది. ఏప్రిల్లో తెనాలి నుంచి పెద్దాయన, పెద్దావిడ దిగారు. పెద్దాయన ఆర్టీసీలో డిపో మేనేజరుగా చేసి రిటైరయ్యారు. దాంతో సరదా ప్రయాణం కాస్తా సర్వీసుగా మారింది.

మొదటి అభ్యంతరం పేర్ల దగ్గరే వచ్చింది. మోటారు ఆర్వీల్లో క్లాస్ ఏ అంటే బస్సంత బండి, క్లాస్ బీ అంటే వ్యానంత బండి, క్లాస్ సీ ఆ రెండిటికీ మధ్యరకం. "పెద్దది ఏ, చిన్నది బీ, మధ్యది సీయా? ఎవడ్రా పెట్టింది? పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, డీలక్స్, సూపర్ లగ్జరీ అని మేం పెట్టుకున్నాం, చదువు రానివాడికీ తెలుస్తుంది ఏది దేనికన్నా ఎక్కువో" అన్నారు. రెండోది లైసెన్సు. టెక్సస్‌లో 26,000 పౌండ్ల లోపు బండిని మామూలు కారు లైసెన్సుతోనే నడపొచ్చు. అంటే 30 అడుగుల బండిని, ఇప్పటిదాకా మినీవ్యాను తప్ప నడపని మనిషి, షాపు ముందు తాళాలు తీసుకుని ఎక్కి తోలుకుపోవచ్చు. హెవీ లైసెన్సూ, కంటి పరీక్షా లేకుండా స్టీరింగు ముట్టుకోనివ్వని సంస్థలో పని చేసిన పెద్దాయన ఆ మాట విని కాసేపు పెరట్లోకి వెళ్ళి నిలబడ్డారు.

మూడోది అసలుది.

"ఒరేయ్, లీటరుకెంత ఇస్తుందిరా ఇది?"

"గ్యాలనుకి ఎనిమిది మైళ్ళు నాన్నా. పెట్రోలు."

పెద్దాయన క్యాలెండరు వెనక లెక్క వేశారు. "3.4 కేఎంపీఎల్! యాభైమందిని ఎక్కించుకుని, చెయ్యెత్తినచోటల్లా ఆపుకుంటూ, గతుకుల్లో మా బస్సు ఐదుకు పైన ఇచ్చేది. తగ్గితే డ్రైవర్ని పిలిపించి కౌన్సెలింగ్ ఇచ్చేవాణ్ణి. ఇంత నున్నటి రోడ్డుమీద, ఆరుగురితో, మూడున్నర లేదంటే ఛార్జిమెమో ఇవ్వాలి."

"ఎవరికి నాన్నా?"

"అది ఎంక్వైరీలో తేలుతుంది."

ఆర్టీసీ మనిషికి కేఎంపీఎల్ అనేది బీపీ లాంటిది కాదు, కులదైవం. ఆ రాత్రి నుంచి ఫ్రిస్కో ఇంటి డైనింగు టేబుల్ మీద రూటు మ్యాపు, కిలోమీటర్ల పట్టీ, లాగ్ షీటు నమూనా పరుచుకున్నాయి. కొడుకు ఎక్సెల్‌లో వేసుకున్న ఏడాది ప్రణాళికని ఆయన ఒకసారి చూసి "దీన్లో బ్రేక్‌డౌన్ కాలమేదిరా?" అని అడిగారు. లేదు. సాఫ్ట్‌వేరు వాళ్ళ ప్రణాళికల్లో ఎప్పుడూ ఉండదు.

రూటు సంగతికొస్తే ఎవరి అమెరికా వాళ్ళది. కొడుకు 2015లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో ర్యాండల్ ఓల్సన్ అనే పరిశోధకుడు కంప్యూటరుతో వేయించిన దారిని పట్టుకున్నాడు. 48 రాష్ట్రాల్నీ తాకుతూ, వెనక్కి తిరగకుండా, 13,699 మైళ్ళు. వరసగా తోలుకుపోతే స్టీరింగు ముందు 224 గంటలు చాలట. అదే ఏడాది బ్రయన్ బ్రెట్‌ష్నైడర్ అనే వాతావరణ శాస్త్రవేత్త ఇంకో దారి గీశాడు. దానికి తొందర లేదు. జనవరి 1న టెక్సస్ దక్షిణపు కొసన బ్రౌన్స్‌విల్‌లో మొదలై, వేసవికి అలాస్కా ఎక్కి, డిసెంబరు 31కి శాన్ డియేగో చేరుతుంది. ఏ రోజు ఎక్కడున్నా పగటి ఉష్ణోగ్రత సగటున 70 ఫారెన్‌హీట్, అంటే మన 21 డిగ్రీలు. కోడలు రెండోదానికి ఓటేసింది. ఆవిడకి ఇంకో షరతు కూడా ఉంది: ఏ ఊళ్ళోనైనా చుట్టాలింటి ముందు బండి ఆపితే ఒక్క రాత్రే. ఎడిసన్‌లో మేనత్త కూతురు, నేపర్‌విల్‌లో బాబాయి, కమ్మింగ్‌లో ఇంటర్ క్లాస్‌మేటు... ఒక్కొక్కరింట్లో నాలుగు పూటలు భోజనం చేస్తే ఏడాదీ అక్కడే అయిపోతుంది, గ్రాండ్ కాన్యన్ ఫోటోల్లో చూసుకోవాలి. ఈ విషయంలో ఆవిడకి కాలనీ సంఘాల నిబంధనలు కలిసొచ్చాయి. చాలా కాలనీల్లో ఇంటిముందు ఆర్వీ ఒకట్రెండు రోజులకు మించి నిలపనివ్వరు. మొహమాటాన్ని చట్టబద్ధంగా తప్పించుకునే అవకాశం తెలుగువాళ్ళకి తరచుగా దొరకదు.

పెద్దావిడ మ్యాపు చూడలేదు. "పిట్స్‌బర్గ్ వెంకన్న, మేరీలాండ్ శివుడు, న్యూజెర్సీ బ్రిడ్జివాటర్లో వెంకన్న, కేరీలో వెంకన్న. మధ్యలో మీరేం చూసుకుంటారో చూసుకోండి" అంది. నాలుగూ తూర్పువైపే. పెద్దవాళ్ళకి విమానాశ్రయంలో ఆరు నెలలకే ముద్ర వేశారు కాబట్టి అక్టోబరులో వాళ్ళు తిరిగి వెళ్ళిపోవాలి. అంటే సెప్టెంబరు, అక్టోబరు తూర్పు. దైవికంగా అది ఆకులు రంగులు మారే కాలం కూడా అవడంతో కొడుక్కీ కోడలికీ గొడవ పడే అవసరం రాలేదు. తాను ఆరు వారాలు కూడా పూర్తిగా ఎక్కని బండికి పెద్దాయన 52 వారాల డ్యూటీ చార్టు ఎందుకు వేస్తున్నారని మనవడు అడిగాడు. చార్టు వేసినవాడు బస్సెక్కాలని ఏ రూల్లోనూ లేదని ఆయన జవాబు.

అయినా ఇంత ప్రణాళిక ఎవరికోసం? 1903లో హొరేషియో నెల్సన్ జాక్సన్ అనే డాక్టరు 50 డాలర్ల పందెం కాసి, కారు నడపడం సరిగా రాకుండానే శాన్ ఫ్రాన్సిస్కోలో బయల్దేరి 63 రోజుల్లో న్యూయార్క్ చేరాడు. అమెరికాని కారులో దాటిన మొదటివాడు ఆయనే. వెంట ఒక మెకానిక్కు, దారిలో కొనుక్కున్న బడ్ అనే కుక్క. కుక్కకి దుమ్ము పడకుండా కళ్ళజోడు కూడా పెట్టారు. ఈ కథ కొడుకు చెప్తే పెద్దాయన మన ఏనుగుల వీరాస్వామిని తీశారు. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీ ఉద్యోగం చేస్తూ, సెలవు పెట్టి, 1830 మే 18న తల్లినీ భార్యనీ దాదాపు వందమంది పరివారాన్నీ వెంటేసుకుని కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడాయన. తిరుపతి, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా పోయి, గయ, కలకత్తా చూసుకుని, కోస్తా వెంట తిరిగొచ్చాడు. పల్లకీలు, డేరాలు, బోయీలు. ఏ మజిలీలో నీళ్ళెలా ఉన్నాయి, ఏ ఊళ్ళో బియ్యం దొరుకుతాయి, ఎక్కడ దారి గతుకులు అన్నీ రాసిపెట్టాడు. "పదిహేన్నెల్ల పైచిలుకు! ఒక్క నావిగేషను లేదు, ఒక్క ముందస్తు బుకింగు లేదు" అన్నారు పెద్దాయన. కోడలు మాత్రం ఆ వందమందిలో వంట చేసిందెవరో, అంట్లు తోమిందెవరో రాశాడా అని అడిగింది. మంచి ప్రశ్నే.

బుకింగుల సంగతి వేరే చెప్పాలి. యోసెమిటీ లోయలో ఆర్వీ నిలుపుకునే చోటు కావాలంటే నెలకోసారి, 15వ తేదీన, పసిఫిక్ కాలమానం ఉదయం 7 గంటలకి ఆన్‌లైన్లో తలుపులు తెరుస్తారు, అదీ ఐదు నెలల ముందుగా. తెరిచిన కాసేపటికే అన్నీ అయిపోతాయి. ఈ పద్ధతి అమెరికన్లని హడలగొడుతుంది. వాళ్ళు దీనిమీద పాఠాలు చెప్పుకుంటారు, గడియారాలు సరిచేసుకుంటారు. తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్లకి నాలుగు ఫోన్లు, రెండు ల్యాప్‌టాప్‌లు పెట్టి కూర్చున్న ఇంట్లో ఎవరికీ చెమట పట్టలేదు. పెద్దావిడ చేతికి కూడా ఒక ఫోనిచ్చారు. ఆవిడకే దొరికింది.

ఇక బరువు. కారుకి ఈ గొడవ ఉండదు, ఆర్వీకే ఉంటుంది. కొడుకు చూసి వచ్చిన పాత క్లాస్ సీ బండి ఫోర్డ్ ఈ-450 ఛాసీ మీద కట్టింది. అన్నీ కలిపి 14,500 పౌండ్లు దాటకూడదు. అందులో పెట్టెకట్టూ మంచాలూ ఫ్రిజ్జూ పోను, మనుషులకీ సామానుకీ కలిపి 1,900 పౌండ్లు మిగిలిందని తలుపు పక్కన స్టిక్కరు చెప్తోంది. నీళ్ళు గ్యాలనుకి 8.3 పౌండ్లు. 40 గ్యాలన్ల ట్యాంకు నింపితే 330 పౌండ్లు అక్కడే పోయాయి. ఆరుగురు మనుషులు ఎంతని పెద్దాయన కాగితం పట్టుకుని ఒక్కొక్కరినీ అడిగారు. పిల్లలు చెప్పారు. కొడుకు పాత లెక్క చెప్పాడు. పెద్దావిడ చెప్పలేదు. "లగేజీ కింద రాసుకోండి" అంది.

మిగిలినదాంట్లోంచి 20 పౌండ్ల సోనామసూరి సంచులు, కుక్కర్లు మూడు, ఆవకాయ, మాగాయ, గోంగూర, పిల్లల పుస్తకాలు, సైకిళ్ళు, కందిపప్పు, ఇంకా 110 వోల్టులకి పనిచేసే వెట్ గ్రైండరు. గ్రైండరు ఒక్కటే పాతిక పౌండ్లుంటుంది, దానిలో సగం రాళ్ళ బరువు. "రాళ్ళు మోసుకుని అమెరికా అంతా తిరుగుతామా?" అన్నాడు కొడుకు. "ఏడాదిపాటు మిక్సీలో రుబ్బిన ఇడ్లీ నువ్వు తింటావా?" అంది కోడలు. గ్రైండరు ఉంది, ఒక సైకిలు తగ్గింది. ఇల్లు వదిలేసి హాయిగా తిరుగుదామన్నవాళ్ళు చివరికి ఇంటినే తూకం వేసి మరీ వెంట తీసుకుపోతున్నారన్న సంగతి ఆ పూట అందరికీ అర్థమైంది కానీ ఎవరూ పైకి అనలేదు.

వాస్తు ఆ తర్వాతి ఆదివారం వచ్చింది. ఫ్రిస్కో ఇల్లు కొనేముందు దక్షిణం వాకిలి అని తొమ్మిదో పదో ఇళ్ళు వద్దనుకున్న కుటుంబం అది. మరి రోజుకో దిక్కుకి తిరిగే ఇంటి సంగతేమిటి? దీనికి పెద్దాయన పది నిమిషాల్లో పరిష్కారం చెప్పారు. అమెరికా ఆర్వీలకి వాకిలి కుడిపక్కన ఉంటుంది. కాబట్టి బండి మూతి ఉత్తరానికి పెడితే వాకిలి తూర్పుకి వస్తుంది. క్యాంపుగ్రౌండ్ మ్యాపుల్లో ఏ నంబరు సైటు ఏ దిక్కుకుందో కనిపిస్తుంది కాబట్టి బుకింగులోనే చూసుకోవచ్చు. వంటిల్లు ఆగ్నేయానికి రాలేదు. దాన్ని చూడనట్టు ఊరుకున్నారు. ఊరుకోవడం కూడా వాస్తుశాస్త్రంలో భాగమే, అపార్టుమెంట్లలో ఉండేవాళ్ళెవరినైనా అడగండి.

పరిష్కారం దొరకనిది కరివేపాకు. పెద్దావిడ కుండీలో పెంచిన మొక్కని డ్యాష్‌బోర్డు పక్కన పెట్టుకుంటానంది. కరివేపచెట్టు నిమ్మ, నారింజ కుటుంబానికి చెందింది. నారింజ తోటల్ని ఎండబెట్టేసే హువాంగ్‌లాంగ్‌బింగ్ అనే తెగులుని ఒక బుల్లి పురుగు మోసుకు తిరుగుతుంది, దానికి కరివేపాకంటే ప్రాణం. 2005లో ఫ్లోరిడాలో ఆ తెగులు బయటపడ్డాక అక్కడి నారింజ తోటలు కోలుకోలేదు. అందుకని టెక్సస్, ఫ్లోరిడా, కాలిఫోర్నియాల్లో కరివేప మొక్కని ఇష్టమొచ్చినట్టు ఊళ్ళు దాటించడానికి లేదు. కాలిఫోర్నియా సరిహద్దు రోడ్లమీద ఇలాంటివి పట్టుకోవడానికే 16 చెక్‌పోస్టులున్నాయి. తెనాలి నుంచి వచ్చేటప్పుడు విమానాశ్రయంలో ఊరగాయ సీసాలు దాటించుకున్న పెద్దావిడ ఈ మాట నమ్మలేదు. "పాస్‌పోర్టు అడగరు గానీ కరివేపాకు అడుగుతారా?" అంది. అడుగుతారు. మొక్కని పక్కింటి కడపవాళ్ళకి అప్పగించడానికి నిర్ణయమైంది, ఏడాదిపాటు కోసుకునే హక్కుతో సహా.

పిల్లల చదువు సంగతి అనుకున్నంత లేదు. టెక్సస్‌లో ఇంటి చదువుని ప్రైవేటు బడితో సమానంగా చూస్తారు, 1994లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టే ఖాయం చేసింది. చదవడం, స్పెల్లింగు, వ్యాకరణం, లెక్కలు, ఇంకా మంచి పౌరసత్వం నేర్పితే చాలు. ఐదోది ఎవరు నేర్పుతారన్న దగ్గర మాత్రం ఇంట్లో ఏకాభిప్రాయం కుదరలేదు.

పెద్దాయన్ని కలవరపెట్టింది వంతెనలు. నార్త్ కరోలినాలో డర్హమ్ అనే ఊళ్ళో 1940 నాటి రైలు వంతెన ఒకటుంది. దాని కింద ఎత్తు 2019 దాకా 11 అడుగుల 8 అంగుళాలే. ముందే బోర్డులు, మెరిసే దీపాలు, అన్నీ ఉన్నా ఏళ్ళ తరబడి లారీలూ ఆర్వీలూ వెళ్ళి గుద్దుకోవడం, పైకప్పులు డబ్బా మూత లేచినట్టు లేచిపోవడం. ఆ వీడియోలు ప్రపంచమంతా చూసింది. 2019లో రైల్వేవాళ్ళు వంతెనని 8 అంగుళాలు పైకెత్తారు. ఇప్పటికీ గుద్దుతూనే ఉన్నారు. పెద్దావిడ కోరిన కేరీ గుడి అక్కడికి అరగంట దూరం. పెద్దాయన ఆ వీడియోల్ని రోజూ రాత్రి భోజనమయ్యాక, యాక్సిడెంట్ ఎంక్వైరీ ఫైలు చూసినట్టు ఆపి ఆపి చూశారు. "డ్రైవరు బోర్డు చూశాడు. బ్రేకు మీద కాలు పెట్టలేదు. ఎందుకు? తన బండి ఎత్తెంతో వాడికి తెలీదు." మర్నాడు బండి ఎత్తు రాసిన స్టిక్కరు తయారైంది, స్టీరింగు ముందు అతికించడానికి.

సొరంగాలు ఇంకో రకం. మేరీలాండ్ శివుడి గుడి నుంచి న్యూజెర్సీ వెంకన్న గుడికి దగ్గరి దారి బాల్టిమోర్ సొరంగం గుండా పోతుంది. ఆర్వీకి వంటగ్యాసు సిలిండరు ఉంటుంది, ఆ సొరంగాల్లోకి దాన్ని రానివ్వరు. పూర్వం అలాంటి బండ్లన్నీ ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన మీదుగా పోయేవి. 2024 మార్చి 26న ఓడ గుద్దుకుని ఆ వంతెన కూలిపోయింది. ఇక ఊరి పడమటివైపు నుంచి చుట్టు తిరిగి పోవాల్సిందే. పెద్దాయన చార్టులో ఆ ట్రిప్పుకి గంట అదనంగా వేసి, పక్కన ఎర్ర ఇంకుతో 'డైవర్షన్' అని రాశారు. రిటైరయ్యాక ఆయన అంత సంతోషంగా కనిపించడం ఇదే మొదటిసారని పెద్దావిడ తర్వాత కోడలితో చెప్పింది.

మోంటానాలో గ్లేసియర్ పార్కు కొండరోడ్డు మీద 21 అడుగులు దాటిన బండిని నడిమధ్య భాగంలోకి రానివ్వరు. 30 అడుగుల బండికి వెనక కారు కట్టుకుని పోవాలన్నమాట. ఇంట్లో ఉన్నది టెస్లా. దాన్ని నాలుగు చక్రాలూ నేలమీద పెట్టి లాక్కుపోకూడదు. ఆ రోజు కొడుకు ఎక్కువ మాట్లాడలేదు.

కొనేముందు ఒకసారి అద్దెకి తీసుకుని చూడాలన్నది కోడలి పట్టుదల. ఫ్రిస్కోకి ఉత్తరాన, గంట ప్రయాణంలో, డెనిసన్ ఊరిపక్కన టెక్సోమా సరస్సు ఒడ్డున ఐసెన్‌హోవర్ స్టేట్ పార్కు ఉంది. చోటు బాగానే కుదిరింది. ఐసెన్‌హోవర్ 1890లో ఆ డెనిసన్‌లోనే పుట్టాడు. 1919లో కుర్ర సైనికాధికారిగా వాషింగ్టన్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకి సైనిక లారీలతో 62 రోజులు బురదలో పడి వెళ్ళి, ప్రెసిడెంటయ్యాక 1956లో ఇంటర్‌స్టేట్ రోడ్ల చట్టం మీద సంతకం పెట్టాడు. అమెరికాలో ఈ రోజు ఎవరు ఆర్వీ తిప్పినా ఆయన నడుంనొప్పి పుణ్యమే.

వెళ్ళేటప్పుడు కొడుకు తోలాడు. అద్దె బండి అద్దాల్లో కారు అద్దాల్లో లాగా వెనక రోడ్డు కనబడదు, తన ఇల్లే కనబడుతుంది. మలుపు తిరిగినప్పుడల్లా వంటింటి అల్మారాలో గిన్నెలు అటు పక్కకీ ఇటు పక్కకీ బదిలీ అయ్యాయి. పెద్దాయన ముందు సీట్లో లాగ్ షీటుతో కూర్చుని, "డెబ్భై ఐదు ఎందుకురా? గాలినంతా మనమే మొయ్యాలా?" అని రెండుసార్లు అన్నారు.

రాత్రి బాగానే గడిచింది. పొద్దున ఇడ్లీ. టెక్సస్ వేడికి బండిలో పిండి రాత్రికి రాత్రే పొంగి, గిన్నె మూతని ఎత్తి, గట్టుమీదికి దిగింది. పోనీ, పులిసింది అనుకుని పెద్దావిడ ఇడ్లీ పాత్ర గ్యాసు మీద పెట్టింది. ఏసీ నడుస్తోంది. మనవడు మైక్రోవేవ్‌లో పాలు పెట్టాడు. కోడలు అల్లప్పచ్చడికి మిక్సీ తిప్పింది. మొత్తం బండి గుడ్డిదైపోయింది. ఆ సైటుకి ఇచ్చేది 30 ఆంపులు, 120 వోల్టుల లెక్కన 3,600 వాట్లు. ఏసీకి 1,600, మైక్రోవేవ్‌కి 1,500, మిక్సీకి 750. కొడుకు గోడ దగ్గర బ్రేకరు వెతుక్కుంటుంటే వెనకనుంచి పెద్దావిడ, "మన తెనాల్లో నయం, కరెంటు పోతే వీధంతా పోతుంది, మనొక్కళ్ళకే పోదు" అంది. చివరికి ఒక నియమం ఏర్పడింది: పచ్చడి తిరుగుతున్నంతసేపూ ఏసీ ఆపాలి. ఎర్రటి ఎండలో, కిటికీలు తీసుకుని, ఆరుగురూ అల్లప్పచ్చడి నలిగే దాకా చెమటలు కక్కుతూ కూర్చున్నారు. పక్క సైటు అమెరికన్ దంపతులు ఘాటుకి కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, అంతా క్షేమమేనా అని అడిగి, రెండేసి ఇడ్లీలు తిని వెళ్ళారు.

బయల్దేరేముందు చేయాల్సిన పని ఒకటుంది. దాని ఊసు ప్రణాళికలో ఎక్కడా లేదు. ఆర్వీ పొట్టలో రెండు మురికి ట్యాంకులుంటాయి. స్నానాలవీ గిన్నెలు కడిగినవీ నీళ్ళు గ్రే ట్యాంకులోకి, దొడ్డిది బ్లాక్ ట్యాంకులోకి. డంప్ స్టేషన్ దగ్గర నిలిపి, చేతికి గ్లౌజులు తొడుక్కుని, వెడల్పాటి ముడతల గొట్టం ఒక కొస బండికీ ఇంకో కొస నేలలో కన్నానికీ బిగించి, బ్లాక్ ట్యాంకు ముందు వదలాలి. తర్వాత గ్రే వదిలితే ఆ సబ్బునీళ్ళు గొట్టాన్ని కడిగేస్తాయి. వరస తప్పితే ఇంటికి గొట్టం కడుగుతూ రావాలి. అనుభవజ్ఞులు చెప్పే ముఖ్యమైన హెచ్చరిక ఏమిటంటే, కాగితం ఎక్కువై నీళ్ళు తక్కువైతే ట్యాంకులో అంతా గట్టిపడి గోపురంలా లేస్తుంది, దాన్ని దించడం మహాకష్టం. కాబట్టి కాగితం తగ్గించండి, నీళ్ళు ధారాళంగా పోయండి. మన చెంబుకి ఇంజినీర్ల మద్దతు ఇంత బాహాటంగా ఎప్పుడూ దొరకలేదు. పెద్దావిడ బండెక్కేముందు షాపులో వెతికి కొన్న మగ్గుని కొడుకు గౌరవంగా చూడ్డం మొదలుపెట్టాడు.

గొట్టం పట్టుకున్నది కొడుకే. పెద్దాయన పది అడుగుల దూరంలో నిలబడి, "ముందు పెద్దది... ఆఁ... కుదుపు, కుదుపు" అని పర్యవేక్షించారు.

తిరుగు ప్రయాణంలో కోడలు తోలింది. గంటకి అరవై దాటలేదు, బ్రేకు ఊరికే తొక్కలేదు, గిన్నెలు చప్పుడు చేయలేదు. ఇంటికొచ్చాక పెద్దాయన రెండు పెట్రోలు రసీదులు పక్కపక్కన పెట్టుకుని లెక్కేశారు. వెళ్ళేటప్పుడు 2.9, వచ్చేటప్పుడు 3.6. ఏమీ అనలేదు. మర్నాటి పొద్దున ఫ్రిజ్జు తలుపు మీద చార్టు అతికించి ఉంది:

ఫస్ట్ డ్రైవర్: కోడలు. స్పేర్ డ్రైవర్: కొడుకు (స్పీడు మీద కౌన్సెలింగ్ పెండింగ్). రిజర్వేషన్లు: పెద్దావిడ. కండక్టరు: మనవడు. పాసుల విభాగం: మనవరాలు. కంట్రోలర్: తాను, అక్టోబరు దాకా ప్రత్యక్షంగా, ఆ తర్వాత తెనాలి నుంచి వాట్సాప్‌లో. శ్రామిక్, ట్యాంకులు: కొడుకు.

కొడుకు కాఫీ కప్పుతో వచ్చి చార్టంతా చదివాడు. రెండోసారి కూడా చదివాడు.

"ఇదేంటి నాన్నా, అసలీ ప్రయాణం ఐడియా నాది కదా?"

"ఐడియాకి పోస్టు శాంక్షన్ కాలేదురా" అన్నారు పెద్దాయన.